నా పేరు మీద ఆయన జబ్బు

పిచ్చిదని పేరు పడ్డ ఆడదానికి ఒక సుఖముంది. ఏం మాట్లాడినా ఎవరూ అడ్డం రారు. పాపం అనుకుని తల ఊపి ఎవరి దారిన వాళ్లు పోతారు. బోధన్ బజారులో నన్ను చూడగానే చెంగు నోటికి అడ్డం పెట్టుకునే ముసలమ్మలు ఇంకా ఒకరిద్దరు ఉన్నారు. పెట్టుకోండమ్మా, నాకేం నష్టం. కానీ నేను కన్ను మూసేలోపల ఉన్న మాట ఒక్కటి చెప్పి పోతాను. ఆ జబ్బు నాది కాదు. మా ఆయనది.

నా పుట్టిల్లు జక్రాన్‌పల్లి. పసుపు పండించే ఇల్లు. నన్నిచ్చింది రుద్రూర్ అవతల ఒక చెరుకు ఊరికి. మా మామ నేను కాపురానికి రాకముందే పోయాడు. ఇంట్లో మా అత్త, మా ఆయన, నేను, తర్వాత మాకు పుట్టిన ఆడపిల్ల. అంత ఇంటికీ మగదిక్కు ఆయనొక్కడే. మీసాలు కూడా సరిగా రాని వయసులో తండ్రికి కొరివి పెట్టి ఇంటికి వస్తుంటే ఊరి పెద్దలు భుజం తట్టి, ఇక ఈ ఇంటికి మొగోడివి నువ్వే, కంట్లో నీళ్లు పెట్టొద్దు అన్నారట. ఈ ముచ్చట మా అత్త వచ్చినవాళ్లకల్లా గొప్పగా చెప్పేది. ఆనాటి నుంచి నా కొడుకు ఏడవంగ చూడలేదు అనేది. వింటుంటే నాకూ గొప్పగానే ఉండేది. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మనిషి ఏనుగంత ఉండేవాడు. ఇద్దరు మోసే చెరుకు కట్టను ఒక్క ఊపుతో బండి మీదికి విసిరేవాడు. ఫ్యాక్టరీ ముందు బండ్ల వరుసలో పడిగాపులు పడి, తిండీ నిద్రా లేకుండా ఇంటికొచ్చినా, వచ్చీ రాగానే బిడ్డను భుజాల మీద కూర్చోబెట్టుకుని వీధంతా తిప్పేవాడు. తెలంగాణ అల్లర్లకు బడులన్నీ మూతబడ్డ ఏడు ఒకటి ఉంది, అప్పటి వాళ్లకు గుర్తుండే ఉంటుంది. దాని మరుసటి ఏడు వానకాలంలో ఆ మనిషి మెల్లమెల్లగా ఆరిపోయాడు. పంటకేం కాలేదు. ఎవరితోనూ తగువు లేదు. ఎవరూ పోలేదు. కారణమంటూ ఒకటుంటే బాగుండేది, కనీసం నలుగురికీ చెప్పుకునేదాన్ని.

పొద్దున లేచి మంచం అంచున కూర్చునేవాడు. ఒక చెప్పు కాలికి, రెండోది చేతిలో. ఎండ గోడెక్కేదాకా ఆ చెప్పు అట్లాగే చేతిలో ఉండేది. ఏమైందంటే ఏం లేదనేవాడు. ఆ తర్వాత లేచి చేనుకు పోయి, వద్దన్నా ఆగకుండా పని చేసేవాడు. కూలీలు అన్నానికి కూర్చున్నా ఆయన కూర్చునేవాడు కాదు. ఏం కష్టం చేస్తుండమ్మా నీ మొగడు అని ఆడవాళ్లు నన్ను మెచ్చుకున్నారు. బిడ్డ వీపెక్కి మెడ చుట్టూ చేతులేస్తే ఆ చేతులు విడిపించి దాన్ని పక్కన దించేవాడు. కోపంగా కాదు, ఎవరిదో సామాను అవతల పెట్టినట్టు. ఒకరోజు బండి బురదలో దిగబడిందని ఎద్దును కొట్టాడు. అంతకు ముందెన్నడూ దాని మీద చెయ్యెత్తి ఎరుగడు. కర్ర విరిగేదాకా కొట్టి, తర్వాత దాని మూపురం మీద నుదురు ఆనించి నిలబడిపోయాడు. గట్టు మీద ఉన్నవాళ్లు అది చూశారు. మొగోడన్నంక ఆ మాత్రం కోపముండాలె అన్నారు. కోపమట. నాకు ఒళ్లు మండిపోయింది.

ఒక మధ్యాహ్నం చేనుకు అన్నం తీసుకుపోయాను. జొన్న రొట్టె తుంచి చేతిలో పట్టుకుని నోట్లో పెట్టుకోకుండా కూర్చున్నాడు. ఇవాళ చెప్పకపోతే నేనిక్కడ నుంచి కదలనని ఎదురుగా బైఠాయించాను. కాలువ నీళ్ల వైపు చూస్తూ నోరు విప్పాడు.

"ఎర్ర కుళ్లు వట్టిన చెరుకు గడ సూసినవా? పైకి పచ్చగనే ఉంటది. గట్లున్న నేను. ఎవ్వలకు జెప్పకు."

అంతే. డాక్టరు దగ్గరికి పోదామంటే నవ్వాడు. కాలు విరగలేదు, జ్వరం లేదు, పోయి ఏం చూపించాలె అన్నాడు. స్నేహితులు మాత్రం వైద్యం కనిపెట్టారు. కల్లు. సాయంత్రం కాగానే వచ్చి రెక్క పట్టుకుని లాక్కుపోయేవాళ్లు. పోయినప్పటి కంటే వచ్చినప్పుడు ఆయన ముఖం ఇంకా చచ్చిపోయి ఉండేది. అయినా నలుగురిలో కూర్చుని తాగుతున్నాడు గదా, ఇక బాగానే ఉన్నాడని వాళ్లు తేల్చేశారు.

మా వీధిలోనే ఒకామె, బిడ్డ పోయిన దిగులుతో మంచం దిగడం మానేసింది. ఆమెకు గాలి సోకిందన్నారు. ప్రతి బేస్తవారం దర్గాకు తీసుకుపోయారు, తాయెత్తు కట్టించారు, అత్తే స్వయంగా కూర్చోబెట్టి తల దువ్వింది. ఏడిస్తే ఏడవనిచ్చారు. మెల్లగా లేచి తిరిగింది. మా ఊళ్లో మగవాడికి గాలి కూడా సోకదు. ఆ మర్యాద కూడా ఆడవాళ్లదే.

మా అత్తకు అన్నీ తెలుసు. కన్నతల్లికి తెలియకుండా ఎట్లా ఉంటుంది? ఒకరోజు చాటలో బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండానే నాతో అన్నది.

"నా కొడుక్కు దిమాక్ మంచిగలేదని బయటవడితే కూలోడు గూడ మాటినడు. నీకే బాగలేదని జెప్పి మందు తెద్దాం బిడ్డ. ఆడోళ్లకు ఏమన్న ఉంటది, ఎవ్వలడుగుతరు."

బంగారం లాంటి ఉపాయమనిపించింది నాకు. మందు దొరికితే చాలు, పేరు ఎవరిదైతే ఏం? మరునాడే అత్తాకోడళ్లం బండి కట్టించుకుని బోధన్ పోయాం.

అక్కడ ఒక హకీం సాబ్ ఉండేవాడు. తాతల కాలం నుంచి అదే ఇంట్లో వైద్యం. ఆడవాళ్లకు వేరే గది, మధ్యలో పరదా. పరదా కింద నుంచి చెయ్యి చాపితే నాడి పట్టి చూసేవాడు. నేను దారి పొడుగునా వల్లె వేసుకున్నదంతా అప్పజెప్పాను. నిద్ర పట్టదు, తిండి సయించదు, కన్నబిడ్డ మీద మమకారం పుట్టదు, లోపలంతా కుళ్లినట్టుంటుంది. హకీం సాబ్ నాడి వదలకుండా అంతా విన్నాడు. విని గొంతు తగ్గించాడు.

"నీ నాడి మంచిగ కొట్టుకుంటున్నది బేటీ. గీ తక్లీఫ్ ఎవరిది?"

నాకు ఏడుపు కట్ట తెగింది. మా అత్త నా తొడ గిల్లింది, నోరు తెరవొద్దని. హకీం సాబ్ మళ్లీ అడగలేదు. రేకు డబ్బాలో ఏదో లేహ్యం పెట్టి పరదా కింద నుంచి తోశాడు. ఇది ప్రస్తుతానికి, వచ్చేసారి మీ ఆయన్ను తోడు తెచ్చుకో, తోడు వచ్చిన మనిషిని నేను రోగి అనను అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది.

నిజంగానే, నాకు తోడు అనేసరికి మా ఆయన ఒక్కసారికే ఒప్పుకున్నాడు. పెళ్లానికి బాగాలేకపోతే మొగుడు వెంట పోవడం మగతనానికి తక్కువేం కాదు మరి. నేను పరదాకు ఇవతల ఆడవాళ్ల గదిలో కూర్చున్నాను. ఆయన అవతల, హకీం సాబ్ ముందు. హకీం సాబ్ ప్రశ్నలన్నీ నన్నే అడుగుతున్నాడు, కానీ ముఖం ఆయన వైపు పెట్టి అడుగుతున్నాడని గొంతును బట్టే తెలుస్తోంది. తెలిసినవాటికి నేను జవాబు చెప్పాను. అప్పుడు హకీం సాబ్ అడిగాడు, చచ్చిపోవాలని అనిపిస్తుందా అని.

ఆ మాట మేమిద్దరం ఎన్నడూ అనుకోలేదు. ఆయన మనసులో అది ఉందో లేదో నాకు తెలియదు. పరదా అవతల నుంచి మా ఆయన గొంతు వచ్చింది.

"అనిపిస్తది సాబ్. దానికి రోజు అనిపిస్తది. నీళ్లకని బాయి కాడికి వోతది, పోయి గట్లనే నిలవడ్తది. బిడ్డ యాదికొస్తె మర్లొస్తది."

దానికి, అన్నాడు. నన్ను ముందు నిలబెట్టి తన సంగతి చెప్పుకున్నాడు. పెళ్లినాటి నుంచి ఆయన మనసు విప్పి అన్ని మాటలు మాట్లాడింది ఆ ఒక్కసారే. హకీం సాబ్ ఇంకా ఏమేమో అడిగాడు, ఆయన చెబుతూ పోయాడు. దానికి తెల్లారితే భయమట. అది నలుగురిలో నవ్వుతుందట, నవ్వి నవ్వి దవడలు నొస్తాయట. అది ఉన్నా లేకున్నా ఎవరికీ తేడా రాదనుకుంటుందట. పరదా గుడ్డ గుప్పిట్లో పట్టుకుని ఇవతల నేను విన్నాను. చావుకు ఎంత దగ్గర దాకా పోయి వెనక్కి మళ్లుతున్నాడో అప్పుడు గాని నాకు తెలియలేదు.

లేచేటప్పుడు హకీం సాబ్ పరదా దగ్గరికి వచ్చి నాకొక్కదానికే వినపడేట్టు, "ఒక్కణ్ణి ఇడ్వకు బేటీ. మందు కన్న గది ముఖ్యం" అన్నాడు. సరేనన్నాను. తిరిగి వచ్చేటప్పుడు బండిలో ఆయన గడ్డి మీద వాలి నిద్రపోయాడు. ఎన్నాళ్ల తర్వాతో అంత కమ్మగా నిద్రపోవడం చూశాను. ఎద్దుల గంటలు మోగితే లేస్తాడేమోనని బండి మెల్లగా తోలించాను. బతికిస్తాను, ఈ మనిషిని నేను బతికించుకుంటాను అనుకున్నాను.

కానీ ఆ ఆడవాళ్ల గదిలో మా ఊరామె ఒకతి మోకాళ్ల నొప్పికి వచ్చి కూర్చుని ఉంది. పరదా అవతల మొగుడు చెప్పిందంతా విన్నది. మేము బండి మెల్లగా తోలుకుని ఇల్లు చేరేసరికి, నేను బావిలో దూకబోతున్నానని ఊరంతా తెలిసిపోయింది.

ఇక నన్ను కాపలా కాయడం మొదలైంది. నీళ్లకు పోనివ్వరు. బాల్చీ ముట్టనివ్వరు. బహిర్భూమికి పోతే వెనక ఒకరు. మా బావి చేన్లోనే ఉంది గనుక చేనుకు అసలే పోనివ్వరు. అన్నం వేరేవాళ్ల చేత పంపేవారు. చెరుకు కోత మొదలైంది, పందుల బెడద, ఆయన చేన్లోనే గుడిసె వేసుకుని అక్కడే ఉండసాగాడు. ఒక్కణ్ణి విడవొద్దన్న మాట నా చెవిలో మోగుతూనే ఉంది, నేనేమో గుంజకు కట్టిన బర్రెలా ఇంట్లో ఉన్నాను. ఊళ్లో ఆయనకు మంచి పేరు వచ్చింది. అట్లాంటి పెళ్లాంతో ఎంత ఓపికగా వేగుతుండో అన్నారు. పాపం, ఎంత ధైర్యమున్న మనిషో అన్నారు.

కబురు అందుకుని మా అన్న జక్రాన్‌పల్లి నుంచి వచ్చాడు, నన్ను తీసుకుపోవడానికి. ఆనాడు చేను నుంచి ఇంటి ముందుకు చేర్చిన చెరుకును బండికి ఎత్తుతున్నారు, దానికని ఆయనా వచ్చాడు. నేను అన్న కాళ్లు పట్టుకున్నాను. నాకు కాదన్నా, ఆయనకు బాగాలేదు, నా బిడ్డ మీద ఒట్టు, నన్ను తీసుకుపోతే ఆయన దక్కడు అని మొత్తుకున్నాను. అన్న తలెత్తి మా ఆయన వైపు చూశాడు. సరిగ్గా అప్పుడే ఆయన కట్టనెత్తి ఒక్క ఊపుతో బండి మీదికి విసిరాడు. అన్న చూపులో నాకర్థమైపోయింది, పరీక్ష ముగిసిందని. ఆయన బరువు ఎత్తుతున్నాడు, కంట్లో తడి లేదు, నిటారుగా నిలబడి ఉన్నాడు. నేనేమో జుట్టు రేగి నేల మీద పడి అరుస్తున్నాను. ఎవరికి జబ్బంటారు మీరైతే?

అయినా మా అన్న మంచివాడు, ఆయన దగ్గరికి పోయి అడిగాడు. ఇది గిట్లంటున్నది, నీ పానం గిట్ల బాగలేదా బావా అని. కూలీలందరూ చేతులు ఆపి చూస్తున్నారు. మా ఆయన నా వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపు నేను బతికి ఉన్నంతకాలం మరచిపోలేను. నువ్వు చెప్పు, నా తరఫున ఇంకొక్కసారి నువ్వే చెప్పు అన్నట్టుంది ఆ చూపు. నేను చెప్పేశాను గదా, ఎవరూ నమ్మలేదు గదా.

"నాకేమైంది బావ? మంచిగనే ఉన్న," అన్నాడు.

నేను మా అత్త వైపు తిరిగాను. నువ్వన్నా చెప్పత్తా, ఉపాయం నీదే గదా అన్నాను. ఆమె గడపలో కూర్చుని ఉంది. నా ముఖం చూడలేదు. "గిట్లనే అంటున్నది నాయన, వారం సంది" అని మా అన్నతో అన్నది. నేను ఆమె మీద పడి జుట్టు పట్టుకున్నాను. నలుగురు కలిసి విడిపించారు. ఇక నాకు పిచ్చి అని ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

అన్న గూట్లో ఉన్న లేహ్యం డబ్బా తీసి నా సంచిలో పెట్టాడు. చెల్లె మందు గదా. అది ఇక్కడే ఉండనీ అని నేను గింజుకుంటే, మందు తినడానికి కూడా మొరాయిస్తున్నదనుకున్నారు. మా ఆయన బోధన్ బస్సు దాకా వచ్చాడు. బిడ్డను ఎత్తి నా ఒళ్లో పెట్టాడు. కిటికీ ఊచ పట్టుకుని, అందరూ వింటుండగా, నువ్వు మంచిగై రా అన్నాడు. బస్సు కదిలాక కూడా ఆ ఊచ వదలకుండా కొంతదూరం పక్కనే నడిచాడు. ఎందుకయ్యా చెప్పలేదు? హకీం ముందు నా పేరు మీద అంత చెప్పినవాడివి, మా అన్న ముందు నీ పేరు మీద ఒక్క ముక్క చెప్పలేకపోయావా? ఇప్పటికీ ఒంటరిగా కూర్చున్నప్పుడు ఆయన్ను ఇట్లాగే తిడుతుంటాను.

పుట్టింట్లో అవి పసుపు ఉడకబెట్టే రోజులు. పొయ్యిల దగ్గరికి నన్ను రానివ్వలేదు. ఆయన రోగానికి నా మెడలో తాయెత్తు కట్టించారు. పూటపూటకూ వదిన ఎదురుగా కూర్చుని ఆయన లేహ్యం నా చేత తినిపించేది. నేను వేలితో కొద్దిగా నాకి, మిగిలింది డబ్బాలోనే దాచేదాన్ని, ఆయనకు పనికొస్తుందని. పోనివ్వమంటే పోనివ్వరు. గొంతెత్తితే రోగం ముదిరిందంటారు. అందుకని అరవడం మానేశాను. నెమ్మదిగా, పద్ధతిగా ఉంటే అయినా పంపుతారని ఆశ.

ఒక పొద్దున మా అత్తగారింటి జీతగాడు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు.

"పటేలుకు పానం బాగలేదక్క. జెల్ది రమ్మన్నరు."

మీరు నమ్మరు, నాకు సంతోషమైంది. ఆయనకు బాగాలేదన్న మాట ఆ ఇంటి నుంచి రావడం అదే మొదటిసారి. ఒప్పుకున్నారు, చివరికి ఒప్పుకున్నారు. మా అత్త నోరు విప్పి ఉంటుంది, నా బంగారు అత్త. నేను చెప్పలేదా అన్నా, చెప్పలేదా అని మా అన్న భుజం పట్టి ఊపాను. అన్న నా ముఖం చూడలేదు. వదిన గోడ వైపు తిరిగింది. జీతగాడికి మంచినీళ్లిస్తే చెంబు పట్టుకుని నిలబడ్డాడు గాని తాగలేదు. ఇవన్నీ నా కళ్లతో నేను చూశాను. చూసి కూడా తలకు నూనె రాసి నున్నగా దువ్వుకున్నాను, మంచి చీర కట్టుకున్నాను, నిండుగా బొట్టు పెట్టుకున్నాను. పిచ్చిదానిలా పోతే నా మాట మళ్లీ ఎవరూ వినరు గదా. బిడ్డను చంకనేసుకుని, డబ్బా చేత పట్టుకుని అందరికంటే ముందు నేనే బస్సెక్కాను.

దారి పొడుగునా నేనే మాట్లాడాను. ముందు హకీం సాబ్‌కు చూపిద్దాం, కాకపోతే నిజామాబాద్‌లో పెద్ద డాక్టరుకు చూపిద్దాం, కొన్నాళ్లు మన ఇంట్లో ఉంచుకుందాం అన్నాను. అన్న ఊఁ అన్నాడు. కిటికీలోంచి దుమ్ము కొడుతోందని మాటిమాటికీ తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు. బోధన్‌లో దిగి హకీం సాబ్‌ను వెంట తీసుకుపోదామంటే, ముందు ఇంటికి పోదాం పద చెల్లె అన్నాడు.

ఇంటి ముందు మగవాళ్లు నేల మీద కూర్చుని ఉన్నారు. ఒక్కరి కళ్లలో కూడా నీళ్లు లేవు. ఏడుపు ఆగనివాడు లేచి, కొట్టం వెనక్కి పోయి, కాసేపటికి ముఖం తుడుచుకుని వచ్చి మళ్లీ కూర్చుంటున్నాడు. మా దిక్కు చావు కబురును చావని పంపరు, బాగాలేదు రమ్మంటారు. చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకు తెలియదా? మా మేనమామ పోయినప్పుడు ఆ కబురు నేనే మోసుకుపోయాను. కానీ ఆ ఇల్లు ఆ ఒక్క మాట అనడం కోసం అన్నాళ్లు కాచుకున్నదాన్ని, వినగానే అన్నీ మరిచాను.

ఆయన్ను బావిలోంచి తీసి వాకిట్లో పడుకోబెట్టారు. తడి బట్టలు ఇంకా ఒంటి మీదే ఉన్నాయి. బిడ్డను అన్న చేతుల్లో పడేసి నేను అటు పరుగెత్తాను. పట్టుకోండి, బాయి దిక్కు పోతది అని ఎవరో అన్నారు. ఆడవాళ్లందరూ వచ్చి మీద పడి నా రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నారు. డబ్బా జారి లేహ్యం మట్టిలో కలిసింది. ఒక్కసారి ఆయన ముఖం దగ్గరికి పోనివ్వండమ్మా అని ఎంత మొత్తుకున్నా ఎవరూ వదల్లేదు. అందరిలోకీ గట్టిగా పట్టుకున్నది మా అత్త.